పోర్ట్‌ఫోలియో బ్లాగుకి హ్యూగోనా, జెకిలా, ఆస్ట్రోనా?

మారతహళ్లి పీజీలో ఉంటున్న ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: "అక్కా, రెండేళ్లు మాన్యువల్ టెస్టింగ్ చేశాను, ఈమధ్యే పైథాన్‌తో ఆటోమేషన్‌లోకి వచ్చాను. జాబ్ మారాలి. రెజ్యూమెలో లింక్ ఇవ్వడానికి సొంత సైట్ కావాలి. అందులో నా ప్రాజెక్టులు, నేర్చుకున్నవాటి మీద బ్లాగు పెడతాను. కొన్ని పోస్టులు తెలుగులో రాయాలని ఉంది. నాది 8 జీబీ విండోస్ ల్యాప్‌టాప్, నెట్ అంటే ఫోన్ హాట్‌స్పాటే. జెకిల్, హ్యూగో, ఆస్ట్రో, ఎలెవెంటీ, గ్యాట్స్‌బీ అని యూట్యూబ్‌లో ఒక్కొక్కరు ఒక్కోటి చెప్తున్నారు. నేను ఏది పట్టుకోవాలి?"

అక్కా అని పిలిచావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను. నువ్వు చెప్పినవన్నీ స్టాటిక్ సైట్ జెనరేటర్లు: మార్క్‌డౌన్‌లో (సాదా గుర్తులతో రాసే టెక్స్ట్‌లో) రాసిన ఫైళ్లని రెడీ వెబ్ పేజీలుగా మార్చే టూల్స్, ఆ మార్చే పనినే బిల్డ్ అంటారు. నీ పరిస్థితికి నా జవాబు హ్యూగో. ఎందుకో కొంచెం వివరంగా చెప్తాను. కారణం తెలిస్తే, రేపు నీ అవసరం మారినప్పుడు ఇంకొకర్ని అడగకుండా నువ్వే తేల్చుకోగలవు.

వీడియోల్లో అందరూ ముందు పోల్చేది బిల్డ్ స్పీడ్. వేల పేజీలున్న డాక్యుమెంటేషన్ సైటుకి అది పెద్ద విషయమే. నీ బ్లాగులో మొదటి ఏడాది పదిహేను పోస్టులు వస్తే చాలా మంచి లెక్క. ఆ కాసిని పేజీలకి వీటిలో ఏదైనా కొద్ది సెకన్లలో పని పూర్తి చేస్తుంది. నువ్వు అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. మూడు నెలలు సైట్ ముట్టుకోకుండా వదిలేసి, ఒక ఆదివారం తీరిక దొరికి పోస్ట్ రాస్తే, అది ఆ సాయంత్రమే బయటికి వెళ్తుందా? మన ఉద్యోగాల్లో ఆ మూడు నెలల గ్యాప్ రాక తప్పదు. రిలీజ్ దగ్గర పడితే వారాలు ఎటు పోతాయో తెలియదు, ఔటర్ రింగ్ రోడ్డు రోజూ రెండు మూడు గంటలు తినేస్తుంది, సంక్రాంతికి ఊరెళ్తే ఇంకో వారం. తిరిగొచ్చి ల్యాప్‌టాప్ తెరిస్తే ఎర్ర అక్షరాల్లో ఎర్రర్లు వచ్చాయనుకో, ఆ సాయంత్రం వాటికే సరిపోతుంది. అలా రెండుసార్లు జరిగితే మనిషి రాయడమే మానేస్తాడు. నేను చాలా ఏళ్లుగా ఇంటర్వ్యూ ప్యానెల్స్‌లో కూర్చుంటున్నాను. రెజ్యూమెల్లో కనిపించే బ్లాగుల్లో ఎక్కువ భాగం రెండు పోస్టుల దగ్గర ఆగిపోయి ఉంటాయి. ఎందుకు ఆపేశారని అడిగితే "అప్‌డేట్ చేశాక బిల్డ్ అవ్వలేదండీ" అనే మాట చాలాసార్లు విన్నాను.

కాబట్టి నా మొదటి కొలత ఇదే: ఆ టూల్ నడవడానికి నీ మెషీన్‌లో ఇంకా ఏమేం ఉండాలి, వాటిలో ఎన్ని నీ ప్రమేయం లేకుండా మారిపోతుంటాయి.

హ్యూగో 2013లో మొదలైంది, గో భాషలో రాశారు. దానికి కావాల్సింది ఒకే ఒక్క ఎగ్జిక్యూటబుల్ ఫైలు. జిప్ దించుకుని, విప్పి, ఆ ఫోల్డర్‌ని పాత్‌లో పెడితే అయిపోయింది. గో భాష ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు, నేర్చుకోనూ అక్కర్లేదు. ప్యాకేజీ మేనేజర్ లేదు, అది ఆధారపడే వందల లైబ్రరీల (డిపెండెన్సీల) ఫోల్డర్ లేదు. ఈరోజు నీ సైట్ ఏ వెర్షన్‌తో బిల్డ్ అయిందో ఆ ఫైలుని దాచుకుంటే, మూడేళ్ల తర్వాత కూడా అదే ఫైలు అదే సైటుని అలాగే బిల్డ్ చేస్తుంది. ఫోన్ హాట్‌స్పాట్ మీద బతికేవాడికి ఇది ఎంత సుఖమో మాటల్లో చెప్పలేను. ఒక్కసారి దించుకున్నాక పీజీలో నెట్ పోయినా రాయొచ్చు, ప్రివ్యూ చూసుకోవచ్చు. దించుకునేటప్పుడు ఎక్స్‌టెండెడ్ అని ఉన్నదే తీసుకో. సాస్ (సీఎస్ఎస్‌గా మారే స్టైల్ భాష)తో రాసిన థీమ్‌లు కొన్ని మామూలు ఎడిషన్‌తో బిల్డ్ కావు.

హ్యూగోలో కష్టం లేదని చెప్పను. రెండు చోట్ల కొత్తవాళ్లు ఇరుక్కుంటారు.

ఒకటి టెంప్లేట్ల (పేజీ రూపాన్ని నిర్ణయించే ఫైళ్ల) భాష. గో టెంప్లేట్లు మొదట్లో చదవడానికే ఇబ్బందిగా ఉంటాయి. పైథాన్‌లో ఫర్ లూప్ రాసినంత సాఫీగా అక్కడ రాయలేవు. చుక్క గుర్తు ఒక్కో చోట ఒక్కో దాన్ని సూచిస్తుంది, లూప్ లోపలికి వెళ్లగానే దాని అర్థం మారిపోతుంది. కొత్తవాళ్ల తలనొప్పిలో సగం ఇక్కడే. లూప్ లోపలి నుంచి పేజీని అందుకోవాలంటే డాలర్ గుర్తు వాడాలనే ఒక్క సంగతి గుర్తుపెట్టుకుంటే చాలావరకు గట్టెక్కుతావు.

రెండోది థీమ్‌లు. నన్నడిగితే ఇదే అసలైన ప్రమాదం. ఇన్నేళ్లయినా హ్యూగో వెర్షన్ నంబరు ఇంకా సున్నాతోనే మొదలవుతుంది, అంటే పాత పద్ధతుల్ని మార్చే స్వేచ్ఛ వాళ్లు ఉంచుకున్నారు. ఏప్రిల్ 2025లో వచ్చిన 0.146 వెర్షన్‌లో టెంప్లేట్ ఫోల్డర్ల అమరికనే మార్చారు. పాతదాన్ని చాలావరకు అర్థం చేసుకునేలా చేశారు కానీ, ఎవరూ పట్టించుకోని థీమ్‌లు ఇలాంటి మార్పుల దగ్గరే విరిగిపోతాయి. అందుకని థీమ్ ఎంచుకునేటప్పుడు డెమో అందం తర్వాత చూడు. ముందు దాని రిపాజిటరీకి (కోడ్ ఉండే చోటుకి) వెళ్లి చివరి కమిట్ (సేవ్ చేసిన మార్పు) ఎప్పుడు జరిగిందో చూడు, తెరిచి ఉన్న ఇష్యూలకి ఎవరైనా జవాబిస్తున్నారో లేదో చూడు. పేపర్‌మాడ్ లాంటి సాదా థీమ్‌తో మొదలుపెడితే నీకు సరిపోతుంది. థీమ్ ఫోల్డర్‌లో ఉన్న ఫైళ్లని మాత్రం ఎప్పుడూ నేరుగా మార్చకు. ఏ ఫైలు మార్చాలో దాన్ని నీ సైట్ లేఅవుట్స్ ఫోల్డర్‌లోకి అదే పేరుతో కాపీ చేసి అక్కడ మార్చు. హ్యూగో ముందు నీ ఫైలునే తీసుకుంటుంది, రేపు థీమ్ అప్‌డేట్ చేసినా నీ మార్పులు పోవు. ఇంకోమాట, కొన్ని థీమ్‌ల సూచనల్లో హ్యూగో మాడ్యూల్స్ వాడమని ఉంటుంది. ఆ దారిలో వెళ్తే గో ఇన్‌స్టాల్ చేయాల్సి వస్తుంది. నువ్వు థీమ్‌ని గిట్ సబ్‌మాడ్యూల్‌గా (దాని రిపాజిటరీకి లింక్‌గా) పెట్టుకో, లేదంటే థీమ్ మొత్తాన్ని నీ రిపాజిటరీలోకి కాపీ చేసేసుకో. రెండోది చూసేవాళ్లకి మొరటుగా అనిపించవచ్చు, కానీ వ్యక్తిగత సైటుకి అదే నిశ్చింత.

ఇక మిగతావాటి సంగతి.

జెకిల్ 2008 నాటిది. గిట్‌హబ్ స్థాపకుల్లో ఒకరైన టామ్ ప్రెస్టన్-వెర్నర్ రూబీ అనే భాషలో రాశారు. ఈ రకం టూల్స్ బ్లాగర్లలో పాకడానికి ముఖ్య కారణం జెకిలే. దానికి ఇప్పటికీ ఒక బలం ఉంది: గిట్‌హబ్ పేజెస్ (గిట్‌హబ్ ఇచ్చే సైట్ హోస్టింగ్) దాన్ని తనంతట తానే బిల్డ్ చేస్తుంది. నీ ల్యాప్‌టాప్‌లో ఏమీ పెట్టకుండా, బ్రౌజర్‌లోనే మార్క్‌డౌన్ ఫైలు రాసి కమిట్ చేస్తే పోస్ట్ బయటికి వస్తుంది. సొంత ల్యాప్‌టాప్ లేనివాళ్లకి నేను ఇప్పటికీ జెకిలే చెప్తాను. కానీ విండోస్‌లో దాన్ని లోకల్‌గా నడపాలంటే రూబీ, దాని డెవ్‌కిట్, జెమ్‌లు (రూబీ లైబ్రరీలు), వాటిని సర్దే బండ్లర్ అన్నీ కుదరాలి. రూబీ 3.0 వచ్చినప్పుడు వెబ్రిక్ అనే చిన్న లైబ్రరీని దానితోపాటు ఇవ్వడం మానేశారు. ఆ ఒక్క మార్పుతో ఎంతోమందికి జెకిల్ లోకల్ సర్వర్ లేవడం ఆగిపోయింది, ఆ జెమ్‌ని విడిగా కలుపుకోవాల్సి వచ్చింది. గ్యాప్ తర్వాత తిరిగొచ్చినవాడిని ఇబ్బంది పెట్టేవి ఇలాంటివే. పైగా గిట్‌హబ్ తనంతట తాను చేసే బిల్డ్‌లో వాళ్లు అనుమతించిన ప్లగిన్లే పనిచేస్తాయి.

గ్యాట్స్‌బీ వైపు వెళ్లకు. 2019, 2020లో చేసిన వీడియోలు ఇంకా తిరుగుతున్నాయి కాబట్టి దాని పేరు వినిపిస్తోంది. ఫిబ్రవరి 2023లో నెట్లిఫై అనే హోస్టింగ్ కంపెనీ గ్యాట్స్‌బీ కంపెనీని కొనేసింది, ఆ తర్వాత అభివృద్ధి బాగా నెమ్మదించింది. పది పోస్టుల బ్లాగుకి గ్రాఫ్‌క్యూఎల్ అనే క్వెరీ భాష నేర్చుకోవాల్సిన అవసరం అప్పుడూ లేదు.

ఆస్ట్రో గురించి నిజాయితీగా చెప్పాలంటే, జావాస్క్రిప్ట్ ప్రపంచంలో ఈరోజు కంటెంట్ సైట్లకి నాకు బాగా నచ్చేది అదే. పేజీలోకి అనవసరమైన జావాస్క్రిప్ట్ పంపదు, కావాల్సిన ముక్కకి మాత్రమే పంపుతుంది. దాని కంటెంట్ కలెక్షన్స్‌లో ఫ్రంట్ మ్యాటర్‌కి (పోస్ట్ ఫైలు పైన తేదీ, ట్యాగ్‌లు రాసే భాగానికి) స్కీమా, అంటే ఏ వివరం ఎలా ఉండాలో నియమాలు, రాసుకోవచ్చు. తేదీ మర్చిపోయినా, ట్యాగ్ తప్పు టైపులో రాసినా బిల్డ్ అక్కడే ఆగి చెప్తుంది. టెస్టర్‌గా నీకు ఆ గుణం బాగా నచ్చుతుంది కూడా. మరి నీకు ఎందుకు చెప్పట్లేదంటే, ఆగస్టు 2022లో 1.0 వచ్చింది, డిసెంబరు 2024 కల్లా 5.0 వచ్చేసింది. ప్రతి పెద్ద వెర్షన్‌కీ మార్చుకోవాల్సినవి కొన్ని ఉంటాయి. కింద నోడ్ (జావాస్క్రిప్ట్‌ని మెషీన్‌లో నడిపే ప్రోగ్రామ్) వెర్షన్ కూడా ఉంటుంది, దానికీ ఆయుష్షు ఉంటుంది. రోజూ రియాక్ట్‌లో పనిచేసేవాళ్లకి ఇది లెక్కలోకి రాదు, ఆఫీసులో చేసే పనే ఇంట్లోనూ చేస్తారు. నువ్వు ఫ్రంట్ ఎండ్ ఉద్యోగానికి వెళ్లాలనుకుంటే నా జవాబు మారిపోయేది, అప్పుడు నీ సైటే నీ శాంపిల్ అవుతుంది కాబట్టి ఆస్ట్రోతోనే కట్టమనేదాన్ని. ఎప్పుడైనా నోడ్ టూల్‌కి వెళ్తే లాక్ ఫైలుని (డిపెండెన్సీల వెర్షన్లు రాసి ఉండేదాన్ని) తప్పకుండా కమిట్ చెయ్యి, నోడ్ వెర్షన్‌ని కూడా ఒక ఫైలులో రాసి పెట్టు.

ఎలెవెంటీ చక్కటి టూల్, నిన్ను ఏ పద్ధతికీ కట్టెయ్యదు. అయితే అది ఖాళీ స్థలం ఇచ్చి ఇల్లు కట్టుకోమంటుంది. కట్టడం మీద ఆసక్తి ఉన్నవాళ్లకి మంచిది, రాయడం మొదలుపెట్టాలనుకునే నీకు ఇప్పుడు కాదు.

నువ్వు అడగని పేరు ఒకటి చెప్తాను: పెలికన్. పైథాన్‌లో రాసింది, 2010 నుంచి ఉంది, టెంప్లేట్లు జింజాలో ఉంటాయి. ఫ్లాస్క్ (పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్) కొంచెం తెలిసినా ఆ టెంప్లేట్లు వెంటనే అర్థమవుతాయి. హ్యూగో టెంప్లేట్లు చూసి మరీ టెన్షన్ వస్తే పెలికన్‌కి వెళ్లు, నేనేమీ అనను. దాని థీమ్‌లు తక్కువ, చాలావాటి వయసు కనిపిస్తుంది. వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌లో వెర్షన్లు నంబర్లతో సహా రాసి పెట్టుకోవడం మాత్రం మర్చిపోకు.

హోస్టింగ్‌కి ఎక్కువ ఆలోచించకు. గిట్‌హబ్ పేజెస్ ఉచితం. సైట్ సైజు 1 జీబీ వరకు, నెలకి బ్యాండ్‌విడ్త్ సుమారు 100 జీబీ వరకు అని పరిమితులున్నాయి. నీకు అవి తగిలే రోజు దగ్గర్లో లేదు. క్లౌడ్‌ఫ్లేర్ పేజెస్ కూడా బాగుంటుంది, నెలకి 500 బిల్డ్‌లు ఉచితం. గిట్‌హబ్ అయితే నీ కోడ్, సైట్ ఒకేచోట ఉంటాయి, ఇంటర్వ్యూ చేసేవాళ్లు ఎలాగూ అక్కడికే వస్తారు. ఉచిత ఖాతాలో పేజెస్ వాడాలంటే రిపాజిటరీ పబ్లిక్‌గా ఉండాలి. దీనివల్ల ఒక విషయం జాగ్రత్తగా చూసుకోవాలి: ఫ్రంట్ మ్యాటర్‌లో డ్రాఫ్ట్ అని పెట్టిన పోస్ట్ సైట్‌లో కనబడదు కానీ, రిపాజిటరీలో ఎవరైనా తెరిచి చదవొచ్చు. నీ ప్రస్తుత టీమ్ గురించి సగం రాసిన పోస్ట్ ఏదైనా ఉంటే దాన్ని అక్కడికి పంపకు. తర్వాత తీసేసినా గిట్ హిస్టరీలో ఉంటుంది.

రిపాజిటరీ పేరు నీ యూజర్‌నేమ్ డాట్ గిట్‌హబ్ డాట్ ఐఓ అనే పెట్టు. వేరే పేరు పెడితే సైట్ ఒక సబ్‌ఫోల్డర్ కింద వస్తుంది, అప్పుడు కాన్ఫిగ్‌లో (సైట్ సెట్టింగుల ఫైలులో) బేస్ యూఆర్ఎల్ సరిగ్గా లేకపోతే పేజీ వస్తుంది కానీ సీఎస్ఎస్ రాదు. తెల్ల పేజీ మీద నీలం లింకులు మాత్రమే కనిపించాయంటే తొంభై శాతం కారణం ఇదే. గిట్‌హబ్ యాక్షన్స్‌లో (పుష్ చేయగానే బిల్డ్ లాంటి పనులు నడిపే సేవలో) హ్యూగో వర్క్‌ఫ్లో రెడీమేడ్‌గా దొరుకుతుంది. అందులో హ్యూగో వెర్షన్ నంబరు రాసే చోటు ఉంటుంది. నీ ల్యాప్‌టాప్‌లో ఉన్న నంబరే అక్కడా ఉండాలి. లేటెస్ట్ అని మాత్రం పెట్టకు.

సొంత డొమైన్ కొనాలా అని చాలామంది అడుగుతారు. డాట్ కామ్ ఏడాదికి వెయ్యి రూపాయల చుట్టుపక్కల ఉంటుంది, మొదటి ఏడాది ఆఫర్ చూసి మోసపోకుండా రెన్యువల్ ధర చూసి కొనాలి. ముందు అయిదారు పోస్టులు రాయి, అప్పుడు కొను. డొమైన్ కలిపాక గిట్‌హబ్ పేజెస్ పాత అడ్రస్‌కి వచ్చినవాళ్లని కొత్త అడ్రస్‌కి పంపుతుంది కాబట్టి ఆలస్యంగా కొన్నా నష్టం లేదు.

తేదీల దగ్గర ఒక చిక్కు ఉంది, ఇది ఇండియాలో ఉన్నవాళ్లందరికీ తగులుతుంది. భవిష్యత్తు తేదీ ఉన్న పోస్ట్‌ని హ్యూగో బిల్డ్‌లో చేర్చదు. నువ్వు ఫ్రంట్ మ్యాటర్‌లో పొద్దున 9 గంటలు అని చేత్తో రాసి టైమ్ జోన్ రాయకపోతే, దాన్ని యూటీసీగా (ప్రపంచ ప్రామాణిక సమయంగా) తీసుకుంటుంది. అంటే మన టైమ్‌లో మధ్యాహ్నం 2:30. పది గంటలకి పుష్ చేస్తే బిల్డ్ గ్రీన్ అవుతుంది, ఎర్రర్ ఉండదు, పోస్ట్ మాత్రం ఎక్కడా కనబడదు. కాన్ఫిగ్‌లో టైమ్ జోన్‌ని ఏషియా/కోల్‌కతా అని పెట్టెయ్యి, లేదా తేదీ చివర +05:30 రాయి. కొత్త పోస్ట్ ఫైలుని హ్యూగో కమాండ్‌తోనే సృష్టిస్తే ఆ ఆఫ్‌సెట్ తనే వేస్తుంది.

తెలుగులో రాయాలని ఉందన్నావు, చాలా సంతోషం. టెస్టింగ్ గురించి తెలుగులో శ్రద్ధగా రాసేవాళ్లు తక్కువ. కాలేజీలో ఇంగ్లీషు వీడియోలు అర్థంకాక ఆగిపోయే పిల్లలు మన ఊళ్లలో ఎందరో ఉన్నారు. హ్యూగోలో రెండు భాషల ఏర్పాటు లోపలే ఉంది, ప్లగిన్ అక్కర్లేదు. అదే ఫోల్డర్‌లో ఒకే పేరుతో ఇంగ్లీషు ఫైలు, తెలుగు ఫైలు పెట్టి, పేరు చివర భాష కోడ్ వేస్తే రెంటినీ తనే జత చేసుకుంటుంది. ప్రతి పోస్టూ రెండు భాషల్లో ఉండాలన్న నియమం పెట్టుకోకు. అలా పెట్టుకుంటే రెండో భాష పని బాకీ పడిపోయి మొదటిది కూడా ఆగిపోతుంది.

తెలుగు పోస్టుకి యూఆర్ఎల్‌ని మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో నువ్వే ఇవ్వు, ఫ్రంట్ మ్యాటర్‌లో స్లగ్ అని ఉంటుంది. కారణం ఇది. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు అక్షరం, ఒక్కో గుణింతపు గుర్తు మూడేసి బైట్లు తీసుకుంటాయి. లింక్ కాపీ చేసినప్పుడు ఒక్కో బైటూ శాతం గుర్తుతో కలిపి మూడు అక్షరాలుగా మారుతుంది. "తెలుగు" అన్న మాటలో మూడు హల్లులు, మూడు గుణింతపు గుర్తులు, మొత్తం ఆరు. వాట్సాప్‌లో పేస్ట్ చేస్తే ఆ ఒక్క మాటే 54 అక్షరాల పొడవు అవుతుంది. నాలుగు మాటల శీర్షిక అయితే చూసేవాళ్లకి అది స్పామ్ లింకులా కనిపిస్తుంది, ఎవరూ నొక్కరు.

ఫాంట్ విషయంలో నా సలహా: వెబ్ ఫాంట్ పెట్టకుండానే మొదలుపెట్టు. తెలుగు ఫాంట్లలో ఒత్తులు, గుణింతాల రూపాలన్నీ ఉండాలి కాబట్టి ఫైలు బరువుగా ఉంటుంది. మామూలుగా ఆండ్రాయిడ్ ఫోన్లలో నోటో, విండోస్‌లో నిర్మలా యూఐ, ఐఫోన్లలో కోహినూర్ తెలుగు ముందే ఉంటాయి. చదవడానికి అవి చాలు. థీమ్‌ల సీఎస్ఎస్ ఇంగ్లీషుని దృష్టిలో పెట్టుకుని రాసింది, అందుకని తెలుగు పేజీలకి కొన్ని మార్చుకోవాలి. లైన్ హైట్ 1.7 లేదా 1.8 పెట్టు, లేకపోతే పై లైన్ ఒత్తులు కింది లైన్ తలకట్లకి తగులుతాయి. లెటర్ స్పేసింగ్ తీసెయ్యి. ఇటాలిక్స్ ఉన్నచోట బోల్డ్ పెట్టు, తెలుగు ఫాంట్లలో మామూలుగా ఇటాలిక్ ఉండదు, బ్రౌజర్ అక్షరాన్ని బలవంతంగా పక్కకి వంచుతుంది, చూడ్డానికి బాగోదు. పేజీకి భాష తెలుగు అని హెచ్‌టీఎంఎల్‌లో సరిగ్గా చెప్పిందో లేదో చూసుకో, చూపులేనివాళ్లు వాడే స్క్రీన్ రీడర్ ఏ గొంతుతో చదవాలో దాన్నిబట్టే తేల్చుకుంటుంది. చదవడానికి ఇన్ని నిమిషాలు అని థీమ్ చూపించే లెక్కని తెలుగు పోస్టుల్లో ఆపెయ్యి. ఆ లెక్క ఇంగ్లీషు మాటల వేగం మీద కట్టింది. మన మాటలు విభక్తులు కలుపుకుని పొడుగ్గా ఉంటాయి, అందుకని నిమిషాలు బాగా తక్కువ చూపిస్తుంది.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించే విషయానికి వస్తాను. నువ్వు టెస్టర్‌వి. డెవలపర్ల పోర్ట్‌ఫోలియో సైట్లు చూసి అలాంటిదే కట్టాలనుకోకు. యానిమేషన్లు, స్కిల్ బార్లు, పైథాన్ 80 శాతం అని గీసే గీతలు ప్యానెల్‌లో ఎవరూ చూడరు. నీ సైటుకే టెస్టులు రాయి. అది పదిమందిలో ఒక్కరు కూడా చేయని పని, నీకు అది చేతిలో ఉన్న విద్య. అదే వర్క్‌ఫ్లోలో బిల్డ్ తర్వాత, డిప్లాయ్‌కి ముందు ఒక స్టెప్ పెట్టు. లోపలి లింకులన్నీ తెరుచుకుంటున్నాయా అని లీచీ లాంటి లింక్ చెకర్‌తో చూడు. పైటెస్ట్, ప్లేరైట్ కలిపి కొన్ని టెస్టులు రాయి: ప్రతి పేజీకీ టైటిల్, డిస్క్రిప్షన్ ఉన్నాయా, 360 పిక్సెల్స్ వెడల్పులో పేజీ పక్కకి జరుగుతోందా, తెలుగు పోస్టుల్లో భాష కోడ్ సరిగ్గా ఉందా, లేని అడ్రస్ కొడితే నీ 404 పేజీ వస్తోందా, రెజ్యూమె పీడీఎఫ్ డౌన్‌లోడ్ అవుతోందా. ఇందాక చెప్పిన తేదీ చిక్కుకి కూడా ఒక టెస్ట్ రాయొచ్చు: డ్రాఫ్ట్ కాని పోస్టులు ఎన్ని ఉన్నాయో, బిల్డ్ అయిన పోస్టులు కూడా అన్నే ఉన్నాయో లేదో పోల్చి చూడు. యాక్సెసిబిలిటీ (చూపులేనివాళ్లు లాంటివారికి సైట్ వీలుగా ఉందా అన్నది) చూడ్డానికి యాక్స్ అనే టూల్ ఉంది, దాన్నీ ప్లేరైట్ నుంచే నడపొచ్చు. టెస్ట్ ఫెయిలైతే డిప్లాయ్ ఆగాలి. ఇదంతా చేశాక దీనిమీదే ఒక పోస్ట్ రాయి: ఏ టెస్ట్ ఏ బగ్ పట్టుకుంది, ఏ టెస్ట్ ఊరికే అప్పుడప్పుడు ఫెయిలవుతోంది, దాన్ని ఎలా స్థిరం చేశావు. ఆటోమేషన్ ఉద్యోగానికి ఇంటర్వ్యూ చేసేటప్పుడు ఆ ఒక్క పోస్ట్ మీద నేను అరగంట ప్రశ్నలు అడుగుతాను. అడిగేదంతా నువ్వు నిజంగా చేసిన పనే కాబట్టి జవాబులకి తడుముకోవు.

హోమ్ పేజీలో మూడు సంగతులు చాలు. నువ్వెవరు, ఏం పని చేస్తావు అని రెండు వాక్యాలు. రెండు మూడు ప్రాజెక్టులు, ఒక్కోదానికి ఒక పేజీ. చివరి అయిదు పోస్టులు. ప్రాజెక్ట్ పేజీలో వాడిన టూల్స్ జాబితా ఒక్క లైన్‌లో ముగించు. మిగతా అంతా సమస్య ఏంటి, నువ్వు ఏం ఆలోచించావు, ఏ దారి వదిలేశావు, ఎందుకు అన్నది రాయి. ఆఫీస్ ప్రాజెక్ట్ గురించి రాసేటప్పుడు క్లయింట్ పేరు, స్క్రీన్‌షాట్, కోడ్, లోపలి యూఆర్ఎల్‌లు ఏవీ పెట్టకు. ఆఫర్ లెటర్‌తోపాటు సంతకం పెట్టిన కాగితాల్లో దాని గురించి ఉంటుంది, ఒకసారి తీసి చదువు. పనిని చూపించాలంటే ఓపెన్ సోర్స్ ప్రాజెక్ట్ ఏదైనా తీసుకుని దానికి మంచి బగ్ రిపోర్టులు రాయి. ఎలా రిపీట్ చేయాలో స్టెప్పులతో, లాగ్‌లతో సహా రాసిన బగ్ రిపోర్ట్ లింక్ సర్టిఫికెట్ కంటే ఎక్కువ చెప్తుంది. సైట్‌లో పెట్టే రెజ్యూమెలో ఫోన్ నంబరు, ఇంటి అడ్రస్ తీసెయ్యి, ఈమెయిల్ ఒక్కటి చాలు.

కామెంట్లు కావాలంటే గిస్కస్ ఉంది, గిట్‌హబ్ డిస్కషన్స్ మీద నడుస్తుంది. చదివేవాళ్లకి గిట్‌హబ్ ఖాతా ఉండాలి కాబట్టి తెలుగు పోస్టులకి అది అంతగా పనికిరాదు, కింద ఈమెయిల్ ఇస్తే సరిపోతుంది. సెర్చ్ గురించి యాభై పోస్టులు దాటాక ఆలోచించు, అప్పుడు పేజ్‌ఫైండ్ చూడు. ఆర్ఎస్ఎస్ ఫీడ్ హ్యూగో తనే తయారు చేస్తుంది, దాన్ని ఆపకుండా ఉంటే చాలు.

ఫోటోల దగ్గర కొంచెం ఆగుతాను. ఫోన్‌తో తీసిన ఫొటో నాలుగైదు ఎంబీలు ఉంటుంది, దాన్ని అలాగే పెడితే హాట్‌స్పాట్ మీద చూసేవాళ్లకి పేజీ కదలదు. పోస్టుకి ఒక ఫోల్డర్ పెట్టి, అందులో ఇండెక్స్ ఫైలు, దాని ఫొటోలు కలిపి ఉంచు. అప్పుడు హ్యూగో వాటిని బిల్డ్‌లోనే చిన్నవి చేసి వెబ్‌పీగా మార్చగలదు. ఒరిజినల్ ఫొటోలో ఎక్కడ తీశావో లొకేషన్ కూడా ఉండొచ్చు, రిపాజిటరీ పబ్లిక్ కాబట్టి కమిట్ చేసే ముందే దాన్ని తీసెయ్యి.

రేపు హ్యూగో వద్దనిపించి ఆస్ట్రోకో ఇంకోదానికో మారాలనుకుంటే ఎంత కష్టం అన్నది చివరి సందేహం అయ్యుంటుంది. పోస్టులు మామూలు మార్క్‌డౌన్‌లో ఉంటే కష్టం లేదు, కంటెంట్ ఫోల్డర్ కాపీ చేసి ఫ్రంట్ మ్యాటర్‌లో రెండు మూడు పేర్లు మార్చుకుంటే చాలు. ఆ పని నీ పైథాన్‌తో చిన్న స్క్రిప్ట్ రాసి చేసుకోగలవు. ఇబ్బంది పెట్టేవి షార్ట్‌కోడ్‌లు. పోస్ట్ మధ్యలో హ్యూగోకే అర్థమయ్యే కోడ్ ముక్కలు అవి, వీడియోకీ గ్యాలరీకీ నోట్ బాక్సుకీ అన్నిటికీ థీమ్‌లు ఇస్తాయి. ఇంకో టూల్‌కి వెళ్తే అవి పిచ్చి గుర్తుల్లా మిగిలిపోతాయి. వీడియో అయితే లింక్ ఇవ్వు, నోట్ అయితే మామూలు కోట్ బ్లాక్ వాడు. టెంప్లేట్లు ఎలాగూ మళ్లీ రాయాల్సిందే, వాటి గురించి బెంగ పెట్టుకోకు. యూఆర్ఎల్‌లు మాత్రం మారకూడదు. అందుకని మొదటి పోస్ట్ వేసే ముందే కాన్ఫిగ్‌లో పర్మాలింక్ (పోస్టుల అడ్రస్) పద్ధతి తేల్చుకో. నేనైతే తేదీ, కేటగిరీ లేకుండా బ్లాగ్ అనే మాట తర్వాత స్లగ్ ఒక్కటే పెడతాను. కేటగిరీలు తర్వాత మార్చుకుంటూ ఉంటాం, అవి అడ్రస్‌లో ఉంటే రెజ్యూమెల్లో, ప్రొఫైళ్లలో ఇచ్చిన పాత లింకులన్నీ తెగిపోతాయి. ఎప్పుడైనా ఒక అడ్రస్ మార్చక తప్పకపోతే ఫ్రంట్ మ్యాటర్‌లో ఏలియాసెస్ కింద పాత అడ్రస్ రాయి, పాత లింక్ నొక్కినవాళ్లని హ్యూగో కొత్త పేజీకి తీసుకెళ్తుంది.